ఎలుక కంటే ముందు ఎలుక మీది పురుగు

కొండాపూర్ అనగానే మీ కళ్ల ముందు అద్దాల మేడలు మెదులుతాయి. శాతవాహనుల నాటి శిథిలాలున్న కొండాపూర్ సంగారెడ్డి జిల్లాలోది, అది వేరు. నేను చెప్పేది బొటానికల్ గార్డెన్‌కూ కొత్తగూడకూ పక్కనున్న మా కొండాపూర్ సంగతి. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకొనే నాటికి ఇది చేలూ బండరాళ్లూ ఉన్న పల్లె. ఆ పల్లె పూర్తిగా పోలేదు. పెద్ద రోడ్డు వదిలి సందులలోకి నడిస్తే పెంకుటిళ్లు, షాబాదు బండలు పరిచిన వాకిళ్లు, అటకల మీద ఖాళీ గుమ్ములు నేటికీ కనిపిస్తాయి. చాలావాటికి తాళాలుంటాయి. పిల్లలు ఫ్లాట్లకు మారారు. పెద్దలు వారి వెంట వెళ్లారు.

అటువంటి ఒక ఇంటి మనుమడు మొన్నటి మాఘమాసంలో నా దగ్గరకు వచ్చాడు. చెల్లెలి పెళ్లికి పసుపు దంచే కార్యం పాత ఇంట్లోనే జరగాలని నాయనమ్మ పట్టుబట్టిందట. ఎనిమిది నెలలుగా మూసి ఉన్న ఇల్లు తెరిచి, ఎలుకలు తిరుగుతున్నాయని మందు పెట్టించారు. ఎలుకలు చచ్చాయి. మూడవ రోజు నుంచి ఇంట్లో అడుగుపెట్టిన వారందరి కాళ్లమీద, మోకాళ్ల దాకా ఎర్రని దద్దుర్లు. “డాక్టర్ సాబ్, ఎలుకలున్నప్పుడు ఇంత బాధ లేకుండె. చచ్చినంక మొదలైంది. నీళ్లల్ల ఏమన్న ఉన్నదా?” అని అడిగాడు.

నీళ్లలో ఏమీ లేదు. అతని ప్రశ్నలోనే జవాబు ఉన్నది. ఆ జవాబు కనుగొనడానికి ప్రపంచ వైద్యరంగానికి పదేళ్లకు పైగా పట్టింది. అది ఆలస్యమైనందుకు ఈ దేశం లక్షల ప్రాణాలతో మూల్యం చెల్లించింది, అందులో మన హైదరాబాదు వాటా కూడా ఉన్నది. పాత ఇల్లు ఉన్న ప్రతి పాఠకుడూ ఆ కథను తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

ముందుగా పేరు సంగతి. కొన్ని పుస్తకాలు ఈ పురుగును ‘ఎలుక ఈగ’ అంటాయి. రెక్కలు లేని జీవిని ఈగ అనడం నాకు రుచించదు. ఆవాల గింజలో సగముండి, పక్కలకు నొక్కినట్లు బల్లపరుపుగా ఉండి, వెనుక కాళ్లతో ఎగిరి దూకే ఈ పురుగును నేను ఫ్లీ అనే పిలుస్తాను. పశువులను, కుక్కలను పట్టుకొని వేలాడే ఎనిమిది కాళ్ల జీవి వేరు. దానికి మనకు చక్కని పేర్లున్నాయి: గోమారి, పిడుదు. ఈ రెంటినీ కలిపేసి ఒకే మందు చల్లడం దగ్గరే చాలా ఇళ్లలో పొరపాటు మొదలవుతుంది.

ఇక చరిత్ర. 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ ప్లేగు సూక్ష్మజీవిని గుర్తించాడు. 1896లో ఆ వ్యాధి బొంబాయి రేవులో దిగింది. ఎలుకలు రాలిపోతున్నాయనీ, ఆ తరువాత మనుషులు రాలిపోతున్నారనీ అందరికీ కనిపిస్తూనే ఉన్నది. నడుమనున్న లంకె ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు. నేలలోని విషవాయువు అన్నారు కొందరు, మురికి అన్నారు మరికొందరు. 1897లో అంటువ్యాధుల చట్టం వచ్చింది. అధికారులు ఇళ్లలోకి చొరబడి గోడలను కార్బాలిక్ ఆమ్లంతో కడిగారు, సామాన్లు తగులబెట్టారు, మనుషుల నివాసానికి తగవని ఇళ్ల గోడల మీద గుర్తులు వేశారు. పుణెలో ఆ దౌర్జన్యానికి కోపించిన చాపేకర్ సోదరులు ప్లేగు అధికారి రాండ్‌ను కాల్చిచంపిన సంగతి మీరు చదివే ఉంటారు. ఇల్లు ప్రజలకు శత్రువైపోయింది, ఇంటిని కడిగే ప్రభుత్వం అంతకన్న పెద్ద శత్రువైపోయింది.

అదే సంవత్సరం ఆగస్టు 20న సికింద్రాబాదులో, బేగంపేట దగ్గర, సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఒక చిన్న కీటకం రోగాన్ని మోస్తుందన్న భావానికి మన నగరం నుంచే అంత బలమైన సాక్ష్యం వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 1898 జూన్‌లో, కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్లేగు సోకిన ఎలుకను ఒక గాజు పాత్రలో ఉంచి, దానికి తగలకుండా జాలీలో ఆరోగ్యంగా ఉన్న మరొక ఎలుకను వేలాడదీశాడు. మొదటిది చచ్చింది. కొద్ది రోజులకు రెండవదీ ప్లేగుతోనే చచ్చింది. రెంటి నడుమ జాలీని దాటగలిగింది ఫ్లీ ఒక్కటే. సిమోన్ రాసింది చాలామంది పెద్దలు నమ్మలేదు. దోమను నమ్మిన వారే ఫ్లీని నమ్మకపోవడం నాకు నేటికీ వింతగానే ఉంటుంది.

ఆ సంగతి తేల్చింది 1905లో బొంబాయిలో పనిచేసిన ప్లేగు పరిశోధక బృందం. వారి ప్రయోగాలలో రెండు మన ఇళ్లకు నేరుగా సంబంధించినవి. మొదటిది, ప్లేగు వచ్చిన గదులలో గినీ పందులను బోనులలో ఉంచడం. నేలకు రెండంగుళాల ఎత్తున వేలాడిన జంతువులకు రోగం వచ్చింది. రెండడుగుల ఎత్తున వేలాడినవి తప్పించుకున్నాయి. ఎందుకంటే ఎలుక ఫ్లీ దూకగలిగే ఎత్తు సుమారు నాలుగంగుళాలే. రోగం గాలిలో ఉంటే రెండంగుళాలకూ రెండడుగులకూ తేడా ఉండకూడదు కదా! రెండవ ప్రయోగానికి వారు ప్రత్యేకంగా చిన్న చిన్న కొట్లు కట్టించారు. కొన్నిటికి నాటు పెంకు, కొన్నిటికి మంగుళూరు పెంకు, కొన్నిటికి ముడతల రేకు కప్పారు. నాటు పెంకుల సందులలో ఎలుకలు హాయిగా గూళ్లు పెట్టుకున్నాయి, వాటి మీది ఫ్లీలు కిందికి చేరాయి. రేకు కప్పులో ఎలుకకు తావే లేదు. ఇంటి పేదరికం కాదు, ఇంటిలోని సందు ముఖ్యమని తేలింది.

1914లో బేకట్, మార్టిన్ అనే ఇద్దరు మిగిలిన ముడి విప్పారు. ప్లేగు సూక్ష్మజీవులు ఫ్లీ కడుపు ముందు భాగంలో గడ్డకట్టి దారి మూసేస్తాయి. అది ఎంత తాగినా రక్తం లోపలికి పోదు. ఆకలితో మళ్లీ మళ్లీ కుడుతుంది, కుట్టిన ప్రతిసారీ అడ్డుపడ్డ రక్తాన్ని సూక్ష్మజీవులతో సహా గాయంలోకి కక్కుతుంది.

ఇప్పుడు మా మనుమడి ప్రశ్నకు రండి. ఎలుక బతికి ఉన్నంతకాలం ఫ్లీకి వెచ్చని ఒళ్లు, కడుపు నిండా రక్తం దొరుకుతాయి. అది ఎలుకను వదలదు. ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే ఫ్లీలు ఆ కళేబరాన్ని వదిలి దగ్గరలో వెచ్చగా ఉన్న మరొక ఒంటిని వెతుక్కుంటాయి. ఇంట్లో వేరే ఎలుక లేకపోతే అది మీ కాలు. అంటే ఫ్లీలను వదిలేసి ముందు ఎలుకలను చంపడమంటే ఫ్లీలను మన మీదికి తోలుకోవడమే. ప్లేగు రోజులలో ఎలుకల వేటకు బహుమతులు ప్రకటించి చేసిన హడావుడిలో ఈ ప్రమాదం పొంచి ఉండేది.

హైదరాబాదుకు ఆ పాఠం 1911లో ఎదురైంది. అంతకు మూడేళ్ల ముందే, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగి నగరాన్ని కుదిపేసింది. నది ఒడ్డు బస్తీలలో వేల ఇళ్లు కూలాయి, మిగిలిన ఇళ్లలో జనం కిక్కిరిశారు. 1911 ఆగస్టులో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూసి ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. ఆ సంవత్సరమే ప్లేగు నగరాన్ని పట్టుకున్నది. తరువాత కూడా అది విడతలు విడతలుగా తిరిగి వచ్చింది. 1911 జనగణనలో సుమారు 5 లక్షలున్న నగర జనాభా 1921 నాటికి సుమారు 4 లక్షలకు తగ్గింది. ఆ తగ్గుదలలో 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాదీ పెద్ద వాటా, ప్లేగు చావులదీ ప్లేగు భయంతో ఊరు విడిచిన వారిదీ మరొక వాటా.

ఊరు విడవడం పిరికితనమని అనుకోకండి. దక్కను పల్లెలలో ఆనాటికే ఒక కట్టుబాటు స్థిరపడింది. ఇంట్లో ఎలుక రాలిందంటే ఆ ఇంటిని, నాలుగైదు రాలాయంటే ఊరినే ఖాళీ చేసి పొలాలలో గుడిసెలు వేసుకొనేవారు. కప్పు పెంకులు తీసి లోపలికి ఎండ పడనిచ్చేవారు, తిరిగి వచ్చేటప్పుడు సున్నం కొట్టి, పేడతో అలికి కాపురం పెట్టేవారు. ఫ్లీ పేరు వారికి తెలియదు. కానీ ఎలుక చచ్చిన ఇంట్లో నిలవకూడదన్నది సరిగ్గా శాస్త్రం చెప్పే మాటే. ఎండ, పొడితనం ఫ్లీ పిల్లలకు మృత్యువు. మా తాతల తరాన్ని వైద్యకళాశాలలో నేను చదువుకున్న రోజుల్లో ఎవరూ మెచ్చుకోలేదు, అందుకే ఇక్కడ మెచ్చుకుంటున్నాను. అయితే చిన్న హెచ్చరిక. పాత కథలలో ప్రతి మహమ్మారినీ ప్లేగు అనడం మనకు అలవాటు. చార్మినారు కట్టడానికి కారణమని చెప్పే తెగులూ, 1813లో జంటనగరాలను పీడించి సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడికి కారణమైందని చెప్పే తెగులూ ఈ ప్లేగేనని రోగనిర్ణయం చేయడానికి వైద్యుడిగా నాకు ఆధారం చాలదు.

ప్లేగు, వరద కలిసి హైదరాబాదు రూపురేఖలను మార్చాయి. 1912లో నగర అభివృద్ధి మండలి ఏర్పడింది, ఆనాటి వాడుకలో ఆరాయిషె బల్దా. అది ఇరుకు బస్తీలను తొలగించి గాలి వెలుతురు వచ్చే ఇళ్లు కట్టింది, రోడ్లు వెడల్పు చేసింది. పత్తర్‌గట్టీ రాతి కమానుల వరుస ఆ మండలి పనే. 1915లో అంటువ్యాధుల వారి కోసం వేరుగా ఒక ఆసుపత్రి వెలిసింది. తరువాత నల్లకుంటకు మారి, నేడు రోనాల్డ్ రాస్ పేరుతో ఉన్న ఆ ఫీవర్ ఆసుపత్రిని పాతవారు ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట్లో నలిగి కోరంటి అయింది. బెంగళూరులో మల్లేశ్వరం, బసవనగుడి బస్తీలు కూడా 1898 ప్లేగు తరువాత వెలిసినవే.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మలేరియా కోసం ఇంటింటా చల్లిన డీడీటీ ఫ్లీలను కూడా చంపింది. ప్లేగు మెల్లగా కనుమరుగైంది. 1966లో కోలారు జిల్లా ముళబాగిలు వైపు కనిపించిన కేసుల తరువాత చాలాకాలం దేశంలో దాని మాట వినపడలేదు.

వినపడింది 1994లో. ఆ కథనే మీరు జాగ్రత్తగా చదవాలని నా కోరిక, ఎందుకంటే అది మూసిన ఇళ్ల కథ. 1993 సెప్టెంబరు 30న లాతూరు, ఉస్మానాబాదు ప్రాంతంలో భూకంపం వచ్చింది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగమైన మరాఠ్వాడా అది. పొరుగున ఉన్న బీడ్ జిల్లాలోనూ జనం భయపడి ఇళ్లు విడిచి బయట పాకలలో ఉన్నారు. ధాన్యం ఇళ్లలోనే ఉండిపోయింది. మనిషి లేడు, తిండి ఉన్నది, ఎలుకకు ఇంతకన్న ఏమి కావాలి? నెలల తరబడి అవి పెరిగాయి. 1994లో మామ్లా అనే గ్రామంలో ముందు ఎలుకలు రాలాయి, ఇళ్లలో ఫ్లీల బాధ భరించలేనంత అయిందని జనం చెప్పుకున్నారు. ఆగస్టు చివరిలో చంకలలో, గజ్జలలో గడ్డలతో జ్వరపీడితులు బయటపడ్డారు. సెప్టెంబరులో సూరత్ వార్త వచ్చి దేశమంతా వణికింది. ఆ వారం నేను పనిచేస్తున్న ఊరి మందుల దుకాణాలలో టెట్రాసైక్లిన్ గొట్టాలు ఒక్కటి మిగలలేదు. జనం గుడ్డలు కట్టుకున్న ముఖాలతో వచ్చి గాలి గురించి అడిగారు. ఇంటి నేల గురించి ఒక్కరు కూడా అడగలేదు.

నేడు హైదరాబాదులో ప్లేగు లేదు. ఆ భయం మీకు వద్దు. మా మనుమడి ఇంట్లోనూ లేదు. కానీ ఎలుక ఫ్లీ మోసే మరొక జ్వరం ఉన్నది, దానిని మ్యూరైన్ టైఫస్ అంటారు. కుక్క మీది గోమారి మోసే టిక్ టైఫస్ ఉన్నది. ఇవి తీవ్రమైన తలనొప్పితో, ఒళ్లునొప్పులతో, కొన్నిసార్లు దద్దుతో వచ్చే జ్వరాలు. టైఫాయిడ్ అనో వైరల్ అనో రోజులు గడిచిపోతాయి. ఈ పొరపాటు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో గొర్రెల కాపరి కొడుకు ఒకడు జ్వరంతో వస్తే మలేరియా మాత్రలిచ్చి పంపాను. నాలుగు రోజులకు అరచేతులలో కూడా దద్దుతో తిరిగి వచ్చాడు. మా పెద్ద డాక్టరుగారు వాడి జుట్టు పాయలు తీసి చెవి వెనుక నల్లని పొక్కు చూపించారు, గోమారి కుట్టిన చోటు. “చొక్కా విప్పించి చూడని జ్వరం చూడనట్టే” అన్నారు. టెట్రాసైక్లిన్ మొదలుపెట్టిన రెండు రోజులకు జ్వరం దిగింది. నేటికీ ఆ జాతి మందే, డాక్సీసైక్లిన్, ఈ జ్వరాలకు మొదటి మందు. అయితే అది డాక్టరు చూసి ఇవ్వవలసిందే. మీరు చేయవలసింది ఒకటున్నది. జ్వరంతో వెళ్లినప్పుడు ఇంట్లో ఎలుకలు చచ్చిన సంగతీ, కుక్కకు గోమార్లు ఉన్న సంగతీ, మూసిన ఇల్లు తెరిచిన సంగతీ డాక్టరుకు నోరు విప్పి చెప్పండి. అడిగేంత తీరిక వారికి ఉండకపోవచ్చు.

ఇక ఆ ఇంటికి ఏమి చేశామో చెబుతాను. సాయంత్రం నేనూ వెళ్లాను. తెల్లని మేజోళ్లు మోకాళ్ల దాకా తొడుక్కొని గది మధ్యలో ఐదు నిమిషాలు నిలబడ్డాను. నల్లని చుక్కలు ఎక్కసాగాయి. ఫ్లీలు ఉన్నాయో లేవో తేల్చుకోవడానికి ఇంతకంటే చౌకైన పరీక్ష లేదు.

మీకు కనబడే ఫ్లీ ఆ ఇంటి ఫ్లీలలో కొద్ది భాగమే. గుడ్లు ఒంటికి అంటుకోవు, జారి నేలమీద పడతాయి. పిల్లలు షాబాదు బండల సందులలోని దుమ్ము తిని పెరుగుతాయి. తరువాత గూడు కట్టుకొని, ఆ గూటికి దుమ్ము పూసుకొని, ఇంట్లో అడుగుల కదలిక వినపడేదాకా వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు నిద్రపోతాయి. మూసిన ఇల్లు తెరిచిన రోజే ఒక్కసారిగా మీద పడడానికి కారణం ఇదే. గూటిలో ఉన్నదానికి మందు తగలదు. కాబట్టి ఒక్కసారి చల్లితే చాలదు, రెండు మూడు వారాలకు మళ్లీ చల్లాలి.

ముందు చచ్చిన ఎలుకలను వెతికించాం. చేతికి సంచి తొడిగి, చీపురు తగలకుండా తీసి, లోతుగా పాతిపెట్టించాం. బండల సందులలోని దుమ్మును తడి గుడ్డతో, పొడి పీల్చే యంత్రంతో తీయించాం. పొడి చీపురుతో ఊడిస్తే గుడ్లు పక్క గదికి ప్రయాణం చేస్తాయి. పరుపులు, బొంతలు ఎండకు వేయించి, ఉతకగలిగినవి వేడి నీళ్లలో ఉతికించాం. అనుమతి ఉన్న పురుగుమందును, పనితెలిసిన మనిషి చేత, నేలకూ గోడల అడుగు భాగానికీ కొట్టించాం. ఫ్లీకి గోడ పైభాగంతో పనిలేదు. బండల సందులు సిమెంటు పాలతో పూడ్చారు. ఎలుకబొరియలను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో మూశారు. బోనులు చివర పెట్టారు. పాత గుమ్ములోని నూకలు ఊడ్చి, బియ్యం రేకు డబ్బాలలోకి మార్చారు.

వసారాలో పిల్లలు పెట్టిన వీధికుక్క సంగతి వేరు. దాని చెవులనిండా గోమార్లు. కుక్క గోమారి ఫ్లీలా నేల సందును నమ్ముకోదు. రక్తం తాగి జారి, గోడ పట్టుకొని పైకి పాకి, దూలం పక్కన, తలుపు చట్రం వెనుక, పటాల వెనుక దాక్కుంటుంది. ఆడది వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. అందువల్ల గోమారికి గోడల పగుళ్లు కప్పు దాకా చూడాలి, సున్నపు గారతో మూయాలి. కుక్కకు పశువైద్యుడి మందు అదే రోజు పడాలి. ఇల్లు ఒకనాడు, కుక్క ఒకనాడు అయితే అవి ఒకదాని నుంచి మరొకదానికి తిరుగుతూనే ఉంటాయి. ఒంటికి పట్టిన గోమారిని సన్నని చిమటాతో చర్మానికి ఆనించి నిటారుగా లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్ల అంటించడం, గోళ్ల మధ్య నలపడం వద్దు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ధాన్యపు గోదాములకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఎలుకల కోసమనీ నల్లుల కోసమనీ ఇళ్లలో పెడుతున్నారు. తేమ తగిలితే వాటినుంచి వచ్చే వాయువుకు విరుగుడు మందు లేదు. తలుపు సందుల గుండా అది పక్క ఇంటికీ పోతుంది, నిద్రలోనే పిల్లలు చనిపోయిన ఘటనలు మన దేశంలో జరిగాయి. ఎంత చౌకగా దొరికినా అది ఇంటిలోకి రాకూడదు.

పసుపు కార్యం పది రోజులు వెనక్కి జరిగింది. నాయనమ్మకు కోపం వచ్చింది. “మా అత్త కాలంల ఇల్లు పాడువడితె పెంకలు తీసి ఎండ పెడుతుండె, మీరు మందులు కొడుతున్నరు” అన్నది. నడిమింటి కప్పులో నాలుగు వరుసల పెంకులు తీయించమన్నాను. ఆమె కుర్చీ వేసుకొని కింద కూర్చుని, ఒక్కొక్క పెంకు దించేటప్పుడు పగలగొట్టవద్దని అరుస్తూ ఉన్నది. మూడవ వారం రెండవ విడత మందు కొట్టించి, నేను మళ్లీ తెల్లని మేజోళ్లు తొడుక్కొని అదే చోట నిలబడ్డాను. ఐదు నిమిషాలకు కుడి మేజోటి మీద ఒక్క చుక్క కనిపించింది. వచ్చే నెల మరొకసారి రమ్మన్నారు.